పట్టు దొరికేదాకా

కట్టు విప్పే గది తలుపు మూసుకున్నాక ఆమెకి మొదట ట్రాలీ చక్రాల చప్పుడు వినిపించింది, తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ వినిపించకపోవడమే ఎక్కువ భయంగా ఉంది. కత్తెర కదిలిన చప్పుడైనా చెవిన పడితే ఎంతవరకూ వచ్చారో ఊహించుకోవచ్చు. పైన సాగే గుడ్డ పట్టీ, దాని కింద దూది, దూది కింద వాజెలిన్ పూసిన వలగుడ్డ, వలగుడ్డ కింద బావ కాలు. కాలు కాదు, కాలి మీద పరిచిన తొడ చర్మం. ఆయన తొడ చర్మమే ఆయన కాలికి వేశారు కాబట్టి పరాయిదని శరీరం తోసెయ్యదు, ఆ భయం లేదు, ఆ ఒక్క భయం లేదు, మిగతావన్నీ ఉన్నాయి. లోపలికి వెళ్ళే ముందు సర్జను చేతులకి తొడుగులు వేసుకుంటూ, "మొదటిసారి విప్పినప్పుడే తెలిసిపోతుందమ్మా. గులాబీ రంగులో ఉంటే అంటుకున్నట్టు," అని ఆగి, రెండో తొడుగు వేళ్ళు సరిచేసుకుని, "చూద్దాం," అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఆయన మింగేసిన మాట నలుపు. అది ఆమెకి తెలుసు. తెలియకపోతే ఎంత బావుండేది. పక్క కుర్చీలో ఉన్న అక్కకి తెలియదు, అందుకే అక్క నిమ్మళంగా కమలాపండు ఒలుచుకుంటోంది అనుకుంది ఆమె. కాసేపు చూశాక గానీ అర్థం కాలేదు, అక్క తినడానికి ఒలవడం లేదు. తొనల మీది తెల్లటి పీచుని పోగు పోగుగా లాగి ఒళ్ళో రుమాలు మీద పెడుతోంది. ఒక్క పోగు మిగిలినా ఏదో ఘోరం జరిగిపోతుందన్నట్టు మళ్ళీ మళ్ళీ తిప్పి చూస్తోంది.

కుర్చీలన్నీ ఒకే ఇనుప కమ్మీకి బిగించి ఉన్నాయి. ఈ చివర ఎవరైనా కాలు ఊపితే ఆ చివర కూర్చున్నవాళ్ళు ఊగుతారు. "కాలు ఊపకే," అంది అక్క. ఊపుతున్నది తనేనని అప్పటిదాకా తెలియలేదు. ఆపింది. కాస్సేపటికి కుర్చీ మళ్ళీ సన్నగా వణికింది, ఈసారి అక్క. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మలున్నాయి, బొమ్మల్లో చేతులే ఉన్నాయి, మనుషుల్లేరు. మూల మంచినీళ్ళ యంత్రం ఉండుండి గుటకలు వేస్తోంది. ఆ వెనక ఎక్కడో లిఫ్టు వచ్చి ఆగినప్పుడల్లా దంతాలు కొరికినట్టు ఒక చప్పుడు, దాన్ని ఆసుపత్రిలో చేరిన మొదటి రోజే బావ మంచం మీద పడుకుని విని, "పట్టాల మీద జారే గైడు షూలు అరిగిపోయాయి, ఎవరికైనా చెప్పండి," అన్నాడు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు అప్పటికి. కాలు పోతుందో ఉంటుందో తెలియని మనిషి లిఫ్టు గురించి బెంగపడుతుంటే నర్సు నవ్వాపుకోలేకపోయింది. బావ లిఫ్టు మెకానిక్కు. చుట్టుపక్కల పాత భవనాలవాళ్ళందరికీ ఆయనే దిక్కు. పోయిన వారం ఒక భవనంలో లిఫ్టు కింది గుంటలో దిగి పని చేస్తుంటే పైన ఎవరో మీట నొక్కారు, లిఫ్టు కదిలింది, ఆయన కాలు దాని అంచుకీ ఇనుప పట్టాకీ మధ్య ఇరుక్కుంది. ఎముక విరగలేదు. ఎముక విరగలేదట అని ఫోనులో వినగానే ఆమె కూడా హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత కాలు చూసింది. మోకాలి కింద నుంచి చీలమండ దాకా చర్మం మేజోడు లాగేసినట్టు ఊడొచ్చింది. చీలమండ ముందు భాగంలో, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే నరం తాడులా తెల్లగా మెరుస్తూ బయటికి కనిపించింది. అది ఎండిపోకూడదు, ఎండిపోతే చీము లోపలికి పోతుంది, పోతే ఎముక, ఎముక అయితే. సర్జను ఆ రోజు "తీసెయ్యడం" అన్న మాటని ఎంత మామూలుగా అన్నాడు. పన్ను తీసెయ్యడం అన్నట్టు.

తొడ మీంచి ఉల్లిపొరంత పలచగా చర్మం చెక్కి తీశారు. తీసినదాన్ని ఒక రోలరు లోంచి పోనిస్తే అంతా చిల్లులు పడి వల లాగా సాగింది. ఆ వలని పుండు మీద పరిచారు. ఇదంతా ఆమె అక్కకి చెప్పింది, అక్క పరదాలు కుట్టే షాపులో పనిచేస్తుంది కాబట్టి గుడ్డ భాషలో చెబితే అర్థమవుతుందని. అక్క విని, "కుట్లు వేశారా?" అంది. అంచుల్లో పిన్నులు కొట్టారు. "మరి మధ్యలో?" మధ్యలో ఏమీ లేదు. "మధ్యలో ఏమీ లేకపోతే ఎలా నిలుస్తుందే, జారిపోదూ?" మధ్యలో అదే అంటుకోవాలి అక్కా. "దేనితో?"

దేనితో అన్న ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగడమే ఆమె ఉద్యోగం. ల్యాబులో ఆమె పెంచేవి రక్తనాళాల లోపలి గోడల్లో ఉండే కణాలు. వాటి ఒంటి మీద కొక్కేల్లాంటి అణువులుంటాయి. కొన్ని పక్క కణాన్ని పట్టుకునేవి, కొన్ని కింద ఉన్న నేలని పట్టుకునేవి. ఇది మొదటిసారి ఇంట్లో అన్నాల దగ్గర చెప్పినప్పుడు బావ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయి, "అంటే నీకు నెలనెలా జీతం జిగురు చూడ్డానికి ఇస్తున్నారన్నమాట," అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె పేరు జిగురు. జిగురు వచ్చిందా, జిగురు తిన్నదా, జిగురుకి టీ పెట్టారా. వెక్కిరించినా బావ ప్రశ్నలు అడుగుతాడు, అక్క అడగదు. "పట్టుకుని ఏం చేస్తాయి మరదలా అవి?" కొత్త నాళం పుట్టాలంటే ముందు ఒక కణం వరసలోంచి బయటికి రావాలి బావా, రావాలంటే పక్కవాళ్ళని పట్టుకున్న పట్టు కొంచెం సడలించాలి, అదే సమయంలో ముందున్న నేలని కొత్తగా పట్టుకోవాలి, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, తర్వాత అందరూ మళ్ళీ ఒకళ్ళనొకళ్ళు గట్టిగా పట్టుకుంటేనే మధ్యలో గొట్టం లాగా ఖాళీ ఏర్పడుతుంది, అందులోకి రక్తం వస్తుంది. "మరి వదిలేస్తే?" మరీ గట్టిగా పట్టుకుంటే కదల్లేవు, మొత్తం వదిలేస్తే చచ్చిపోతాయి. ఎక్కడా పట్టు దొరకని కణం గుండ్రంగా ముడుచుకుని నీళ్ళలో తేలిపోతుంది. అది ఆమె వందల సార్లు చూసింది. మైక్రోస్కోపు కింద చూస్తుంటే అందంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ కట్టు కింద జరగాల్సింది అదే. జరిగి ఉండాల్సింది. మొదట్లో పైనున్న చర్మానికి సొంత రక్తం ఉండదు, కిందనుంచి ఊరే తడిని పీల్చుకుని ఊపిరి నిలుపుకుంటుంది. ఆ తర్వాత కింద తెగిన నాళాల మూతులు, పైన తెగిన నాళాల మూతులు వెతుక్కుని కలుసుకుంటాయి. ఆ తర్వాత కొత్త మొలకలు. రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే సన్నటి దారాల మీద కొక్కేలు వేసుకుంటూ, ఒకదాన్నొకటి విడవకుండా, చీకట్లో తడుముకుంటూ పైకి పాకుతాయి. వెంట్రుక కూడా వాటి ముందు మోకు లాంటిదే. అంత సున్నితమైన చోట చర్మం ఒక్కసారి పక్కకి జారిందంటే అన్నీ తెగిపోతాయి. ఒక్క జారుడు చాలు. కాలు కింద మోపితే కండరం బిగుసుకుంటుంది, రక్తం బరువుగా కిందికి దిగుతుంది, కింద నీరు చేరుతుంది, చర్మం నేలని విడిచి పైకి లేస్తుంది. ఇదంతా ఆమెకి తెలుసు. తెలిసి కూడా మొన్న. వద్దు, మొన్న సంగతి ఇప్పుడొద్దు. లోపల కుళాయి మళ్ళీ తిప్పారు. ఎందుకు నీళ్ళు, ఎండిపోయి అతుక్కున్న గుడ్డని తడిపి తీస్తున్నారేమో, గుడ్డతోపాటు చర్మం ఊడి వచ్చేస్తే. నెమ్మదిగా తియ్యండి, నెమ్మదిగా. ఆమె చేతులు గాలిలో పట్టకారు పట్టుకున్నట్టు కదిలాయి. అక్క చూసింది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

అక్క పెళ్ళయిన కొత్తలో ఆమె ఇంకా బడికి వెళుతోంది. అమ్మా నాన్నా లేని పిల్ల, అక్కతోపాటు బావ ఇంటికి వచ్చేసింది. ఆ ఇల్లు పై అంతస్తులో. ఆమెకి లిఫ్టంటే చచ్చే భయం, ఎంత బరువు సంచీ ఉన్నా మెట్లెక్కే వచ్చేది. బావ ఏమీ అనేవాడు కాదు. ఒక ఆదివారం మాత్రం, "రా, నీకొకటి చూపిస్తా," అని మేడ మీది యంత్రం గదికి తీసుకెళ్ళాడు. నూనె వాసన, ఎండకి కాలిన రేకు వాసన. పెద్ద చక్రం, దాని మీద తాళ్ళు, పక్కన ఇనుప దవడల్లాంటి బ్రేకు. "కరెంటు పోతే ఇది ఊడిపోయి పడిపోతామని కదా నీ భయం? ఇటు చూడు. ఈ బ్రేకుని పట్టి ఉంచేది కరెంటు కాదు, స్ప్రింగు. కరెంటు వస్తేనే వదులుతుంది. పోయిందంటే తనంతట తనే పట్టేసుకుంటుంది. వదలడానికి ఖర్చు గానీ పట్టుకోవడానికి ఖర్చు లేదు." ఆ తర్వాత ఖాళీ లిఫ్టు నడుస్తుండగానే మీట కిందికి దించి గది మొత్తం చీకటి చేసి చూపించాడు. ఠంగున దవడలు మూసుకున్న చప్పుడు ఆమె అరికాళ్ళలో వినిపించింది. ఆ రోజు లిఫ్టులో కిందికి దిగింది, బావ వేలు పట్టుకుని, కళ్ళు మూసుకుని. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె ఆ మాట నమ్ముకుని బతికింది, అసలు స్వభావం పట్టుకోవడమేనని, వదలడానికే ఏదో కావాలని. కణాలు అలా లేవు. వాటి పట్టు ఎవరూ బిగించి పెట్టింది కాదు, ప్రతి నిమిషం మళ్ళీ కొత్తగా పట్టుకుంటూ ఉండాలి. పాత కొక్కేలు లోపలికి వెళ్ళిపోతాయి, కొత్తవి పైకి రావాలి, వాటికి ఆహారం కావాలి, తడి కావాలి, కదలకుండా ఉండాలి. కదలకుండా. బావకి ఆ మాట ఎన్నిసార్లు చెప్పింది.

"ఏమే," అంది అక్క, తొనని తిప్పుతూనే. "ఒకవేళ కొంచెం కదిలిందనుకో. ఏదో, తెలియకుండా. అప్పుడేమవుతుంది?"

తెలిసిపోయింది అక్కకి. ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, నర్సు చూసిందా. అక్క మొహం పండు మీదే ఉంది. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఇంతకంటే మంచి సందు దొరకదు, అక్కా నేను మొన్న అని మొదలుపెడితే చాలు మిగతాది అదే వస్తుంది. "నిద్రలో అటూ ఇటూ కదలడం అందరికీ ఉంటుంది," అంది ఆమె. తన గొంతు తనకే ల్యాబు మీటింగులో మాట్లాడే గొంతులా వినిపించింది. "అంత మాత్రానికి ఏం కాదులే."

"ఏం కాదు కదా," అంది అక్క.

"కాదులే అక్కా."

అక్క తల ఊపింది. ఊరట చెందినట్టే ఊపింది. ఆ ఊరట చూడలేక ఆమె గోడ మీది బొమ్మల వైపు తిరిగింది. అబద్ధమాడిన దానికి కాదు, అక్క నమ్మినందుకు. సైన్సు చదివిన చెల్లెలు కాబట్టి ఆ నోటితో ఏం చెప్పినా అక్క నమ్మేస్తుంది.

మొన్న మధ్యాహ్నం అక్క మందుల కోసం కిందికి వెళ్ళింది. ఆమె ఉతికిన చొక్కాల సంచీతో గదిలోకి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి సగం నేల మీద. ఎత్తు మీద కాలు పెట్టుకోవడానికి వేసిన దిండ్ల మీద గుంట మాత్రం ఉంది. బావ స్నానాల గది గుమ్మం దగ్గర, ఒక చెయ్యి గోడకి ఆనించి, నుదురు కూడా గోడకే ఆనించి నిలబడి ఉన్నాడు. కట్టు కట్టిన కాలి మడమ నేల మీద ఉంది. పూర్తిగా ఉంది. చెవుల వెనక నుంచి చెమట మెడ మీదికి కారుతోంది. ఆమెని చూసి మొహం తిప్పుకుని, "అక్కకి చెప్పకు," అన్నాడు. ఏం పని బావా ఇది అని అరవాలి. "ఆ బెడ్‌పాన్ మీద నా వల్ల కావట్లేదు మరదలా. మీ అక్క దాన్ని పట్టుకుని అలా నిలబడుతుంది, మొహం అటు తిప్పుకుని, పాట కూడా పాడుతుంది నాకు సిగ్గుగా ఉండకూడదని. ఆ పాట వింటుంటే చచ్చిపోవాలనిపిస్తోంది." జీవితమంతా ఎవరో ఒకరి బరువు పైకీ కిందికీ మోసే యంత్రాల్ని బాగుచేసిన మనిషి, ఒక్కరోజు జ్వరమని పడుకోవడం ఆమె చూడలేదు. సంచీ కింద పెట్టి దగ్గరికి వెళ్ళి భుజం ఇచ్చింది. నర్సుని పిలవలేదు. చక్రాల కుర్చీ తేలేదు. తెచ్చి ఉండాల్సింది, అది వరండాలోనే ఉంది. ఆ క్షణంలో ఆమెకి కణాలు గుర్తు రాలేదు, కొక్కేలు గుర్తు రాలేదు, బావ ఒంటి బరువు తన భుజం మీద ఎంత తక్కువగా ఉందో అదే తెలిసింది. గోడ పొడవునా నడిపించుకుని తీసుకొచ్చి పడుకోబెట్టి, కాలు మళ్ళీ దిండ్ల మీద పెట్టి, అప్పుడు చూసింది కట్టు వైపు. బయటికి ఏమీ లేదు. తెల్లగా ఉంది. అంతే. ఆ తెల్లదనం కింద ఎన్ని తెగాయో.

ఫోను మోగింది. ల్యాబు పెద్దావిడ. తీయకుండా ఉంటే బావుండును, కానీ చేతికి అలవాటు.

"ఎక్కడున్నావమ్మా? మన కణాల ప్లేట్లు ఇప్పుడే చూశాను. నువ్వు చూసి తీరాలి. మన మందు వేసిన వాటిలో ఒక్క నాళం లేదు. ఒక్కటంటే ఒక్కటి. మొత్తం పట్టు వదిలేసి ముత్యాల్లాగా తేలుతున్నాయి. మూడేళ్ళ నుంచి ఇందుకే కదా ఏడుస్తున్నాం."

"మంచిదండీ," అంది ఆమె.

"మంచిదండీ ఏంటి, పండగ చేసుకోవాలి మనం. కంటిలో పెరగకూడని చోట నాళాలు పెరిగి చూపు పోయేవాళ్ళకి ఇది... నీ గొంతేంటి అలా ఉంది?"

"ఆసుపత్రిలో ఉన్నానండీ. మా బావకి ఇవాళ కట్టు విప్పుతున్నారు. చర్మం అతికించారు కదా."

అవతల ఫ్రీజరు మోత వినిపిస్తోంది. ఆ మోత ఏ మూల నుంచి వస్తుందో ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. "అవును కదూ," అంది పెద్దావిడ, గొంతు మార్చి. "అక్కడ పెరగాలి." ఇంకేమనాలో తెలియనట్టు, "ప్లేట్లకేం తొందర లేదులే, ఫోటోలు నేను తీయిస్తాను," అని పెట్టేసింది.

ముత్యాల్లాగా తేలుతున్నాయి. ఆ మాట పోదు. ముత్యాలు. మొన్న ఉదయం ఆ మందుని ఆ ప్లేట్లలో వేసింది ఆమే, సన్నటి గొట్టంతో ఒక్కొక్క గుంటలో చుక్క చుక్కగా, చెయ్యి వణక్కుండా. కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కేన్ని మూసేసే మందు. పొద్దున అక్కడ మందు వేసి, మధ్యాహ్నం ఇక్కడ బావకి భుజం ఇచ్చింది. ఈ రెండింటికీ సంబంధం లేదు, ఉండటానికి వీల్లేదు, ఆ చుక్క ఈ గదిలోకి రాలేదు, చేతులు కడుక్కుంది, తొడుగులు పారేసింది. అయినా చేతులు వాసన చూసుకుంది. సబ్బు వాసన. పిచ్చి పట్టినట్టుంది. నాళాలు పెరగకుండా ఆపడం ఎంత తేలికో ఆమెకి బాగా తెలుసు, మూడేళ్ళు కష్టపడి తెలుసుకుంది. పెరిగేలా చెయ్యడం ఎవరికీ తెలియదు. అవే పెరగాలి. ఎవరూ చూడకుండా ఉంటేనే పెరుగుతాయి. చూడటం కోసం కట్టు విప్పడం కూడా ఒక కుదుపే కదా. ఇంకొన్నాళ్ళు ఆగి విప్పితే పోయేది. నల్లగా ఉంటే. నల్లగా ఉంటే అక్కకి ఎలా చెప్పాలి, ఏం కాదులే అని ఇందాకే అన్నావు కదే అంటే. అక్క అలా అనదు. అననే అనదు, అదే ఇంకా కష్టం. ఒంటి కాలితో బావ మంచం మీద కూర్చుని లిఫ్టు చప్పుడు వింటూ ఉంటాడు. గుంటలోకి దిగలేడు. యంత్రం గదికి ఇనుప నిచ్చెన ఎక్కాలి, ఎక్కలేడు. ఆమె లేచింది. మంచినీళ్ళ యంత్రం దగ్గరికి వెళ్ళి గ్లాసు పట్టి, తాగకుండానే వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి గ్లాసు అక్కడ పెట్టేసి వచ్చింది. చెప్పాలి. అక్కకి కాకపోతే సర్జనుకి చెప్పాలి, వైద్యం చేసేవాళ్ళకి నిజం తెలియాలి, ఇది పరువు సంగతి కాదు, కాలు సంగతి. తలుపు తట్టి, సర్ ఒక్క నిమిషం అని. చేతి పిడికిలి తలుపు దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే అక్క కూడా లేచి నిలబడి ఉంది. రుమాలు కింద పడి ఉంది, పీచంతా నేల మీద. అక్క మొహం పాలిపోయి ఉంది. ఎందుకు లేచింది, ఏం చెప్పబోతోంది.

తలుపు దానంతట అదే తెరుచుకుంది. సర్జను సగం బయటికి వచ్చాడు, తొడుగులున్న చేతులు దేనికీ తగలకుండా గాలిలో పెట్టుకుని.

"ఒక్క మాట అడగాలి. ఈ మధ్య ఆయన కాలు కింద మోపారా? ఆయన్ని అడిగితే లేదంటున్నారు."

"మోపాడండీ," అంది ఆమె.

ఆ మాట రెండు గొంతుల్లో వచ్చింది. వచ్చాక ఆ రెండో గొంతు ఎవరిదో అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"ఎప్పుడు?" అన్నాడు సర్జను.

"మొన్న," అంది ఆమె.

"నిన్న," అంది అక్క.

సర్జను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే రెండుసార్లు," అన్నాడు, ఎవర్నీ తిట్టకుండా, చొక్కా కొలత రాసుకునేవాడిలా.

"నీకు చెప్పొద్దన్నాడు," అంది అక్క, సర్జను అక్కడ లేనట్టే చెల్లెలి వైపు తిరిగి. "నువ్వు క్లాసు పీకుతావని. నేనే పట్టుకుని తీసుకెళ్ళాను స్నానాల గదికి. ఎంత బతిమాలాడో. చిన్నపిల్లాడిలా."

"నాకూ అదే చెప్పాడు. నీకు చెప్పొద్దని."

అక్క పెదవులు కదిలాయి. కోపం వస్తుందేమోనని చూసింది ఆమె. రాలేదు. "ఇందాక అందుకే అడిగాను, కదిలితే ఏమవుతుందని," అంది అక్క మెల్లగా. "ఏం కాదన్నావు." ఇద్దరూ పక్కపక్కనే, ఒకే దానికి భయపడుతూ, ఇంతసేపూ ఒకళ్ళ నుంచి ఒకళ్ళు దాచుకుంటూ కూర్చున్నారు. అక్క చెయ్యి వచ్చి ఆమె ముంజేతిని పట్టుకుంది. కమలాపండు రసంతో జిడ్డుగా ఉంది ఆ చెయ్యి.

"లోపలికి రండి," అన్నాడు సర్జను. "మీరూ చూద్దురుగాని. దేన్నీ ముట్టుకోవద్దు."

గదిలో దీపం తెల్లగా ఉంది. బావ వెల్లకిలా పడుకుని మోచెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని ఉన్నాడు. కాలు వైపు చూడనని శపథం పట్టినట్టు. పొట్ట మాత్రం పైకీ కిందికీ ఆడుతోంది. ఆమె కాలు చూసింది. మొదట ఏమీ కనపడలేదు, భయంలో రంగులు కలిసిపోయాయి. తర్వాత విడివిడిగా తెలిసింది. మోకాలి కింద నుంచి పిక్క దాకా గులాబీ రంగు, వల కళ్ళ మధ్య మెరుస్తున్న ఎరుపు, తడితడిగా, పుట్టిన పిల్ల అరచేతిలా. కింద, చీలమండ పక్కన ఒక అంచు నల్లగా ఉంది, వేలెడంత. ఈ రెండింటికీ మధ్య, సరిగ్గా నరం మీద, అరచేతి వెడల్పున ఒక చోటు గులాబీ కాదు, నలుపు కాదు, ఉడికిన గుడ్డు తెల్లసొన రంగు. ఆ చోటే ఆమెకి కనిపించింది ఇంక, వేరేదేదీ కనపడలేదు.

"పైదంతా అంటుకుంది. ఈ అంచు పోయింది," అన్నాడు సర్జను. "మధ్యలో దీని కింద నీరు చేరింది, ఒత్తి తీసేశాను. ఇది ఉందో పోయిందో రంగుని బట్టి చెప్పలేకపోతున్నాను." ట్రాలీ మీంచి సన్నటి సూది తీశాడు. పాలిపోయిన చోట మధ్యలో గుచ్చి తీశాడు. నాళాలు కలిసి ఉంటే ఎర్రటి రక్తం రావాలి.

ఏమీ రాలేదు. సూది దిగిన చోట చుక్కంత గుంట. సర్జను ఇంకాస్త పక్కకి జరిపి మళ్ళీ గుచ్చాడు. అందరూ వంగి ఉన్నారు. నర్సు కూడా. అక్క పట్టు ఆమె ముంజేతి మీద బిగుసుకుంది, గోళ్ళు దిగుతున్నాయి, దిగనీ. కింద నుంచి ఎక్కడిదాకా వచ్చి ఉంటాయి అవి. మొన్న తెగి ఉంటాయి, మళ్ళీ మొదలుపెట్టి ఉంటాయి. నిన్న మళ్ళీ తెగి ఉంటాయి. మళ్ళీ మొదలుపెట్టి ఉంటాయా. ఎవరు చెప్పారు వాటికి మళ్ళీ మొదలుపెట్టమని. ఒక కణం వరసలోంచి బయటికి వచ్చి ముందున్న దారాన్ని తడుముకుని, అది తెగి ఉంటే ఇంకో దారాన్ని, వెనక ఉన్నదాని చెయ్యి విడవకుండా. మొదటి గుంటలో కాదు, రెండో గుంటలో, అడుగున ఏదో మెరిసింది. తడేమో అనుకుంది. తడి కాదు. అది ఎర్రబడింది. ఆవగింజంత అయింది. చిక్కటి నలుపెరుపు కాదు, అచ్చమైన ఎరుపు. గుండ్రంగా పైకి లేచి నిలబడింది. నర్సు అలవాటు కొద్దీ దూది అందుకుంది.

"తుడవకు," అన్నాడు సర్జను. "ఉండనీ."

మొదటి గుంటలో కూడా ఇంకో చుక్క, మొదటిదానికంటే చిన్నది, ఆలస్యంగా.

"ఏమైంది?" అన్నాడు బావ, కళ్ళ మీంచి చెయ్యి తీయకుండా. "జిగురూ, ఉన్నావా? ఎవరూ మాట్లాడరేంటి?"

"రక్తం వచ్చింది బావా," అంది ఆమె.

"అయ్యో," అన్నాడు బావ నీరసంగా. "మళ్ళీనా?"

ముందు నర్సుకి నవ్వొచ్చింది. తర్వాత అక్కకి. అక్క నవ్వుతూ మంచం అంచున కూలబడి, నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక, బావ భుజం మీద ఒక్కటి చరిచింది. "ఇంకోసారి లేచావంటే," అంది, మిగతాది రాలేదు. బావ ఇప్పుడు చెయ్యి తీసి ఒక్కొక్కళ్ళ మొహమూ చూస్తున్నాడు, తను ఏ తప్పు చేశాడో, అది ఎవరికి తెలిసిపోయిందో తేల్చుకోలేక. సర్జను ఆ నల్లటి అంచు చూపిస్తూ, ఆ కాస్త చోటికి మళ్ళీ చిన్న ముక్క వెయ్యాలనీ, నరం మీదిది నిలిస్తే కాలికి భయం లేదనీ, నిలవాలంటే ఈసారి నిజంగా కదలకూడదనీ చెబుతున్నాడు. ఆమె వింటోంది, సగమే చెవిన పడుతోంది. ఆ చుక్క ఇంకా నిండుతూనే ఉంది. నిండి, ఆగలేక, ఒక పక్కకి ఒరిగి, వల కళ్ళ మీదుగా మెల్లగా కిందికి జారింది. దాని వెనకే అదే చోట ఇంకోటి.